272 పేర్లు, ఒక అప్పు: జార్జ్‌టౌన్ యూనివర్సిటీని గట్టెక్కించిన ప్లాన్ కథ

ఈ రోజు మనం మాట్లాడుకునేది ఒక ప్లాన్ గురించి. అప్పుల్లో కూరుకుపోయిన ఒక కాలేజీని గట్టెక్కించడానికి వేసిన ప్లాన్. పేపర్ మీద చూస్తే చాలా నీట్‌గా ఉంటుంది. కొనేవాళ్లెవరు, మొత్తం ఎంత, మొదట ఎంత కట్టాలి, మిగతాది ఎన్నేళ్లలో కట్టాలి, అన్నీ క్లియర్‌గా రాసుకున్నారు. తేదీ 1838 జూన్ 19. మొత్తం 1,15,000 డాలర్లు.

అమ్మింది ఏంటో తెలుసా? 272 మంది మనుషుల్ని.

అమ్మినవాళ్లు ఏ దొంగల ముఠానో కాదు. చదువుకున్నవాళ్లు, పెళ్లి పెటాకులు లేకుండా జీవితాన్ని దేవుడికి అంకితం చేసిన ఫాదర్లు. ఆ కాలేజీ పేరు ఈ రోజు ప్రపంచమంతా తెలుసు. వాషింగ్టన్ డి.సి.లోని జార్జ్‌టౌన్ యూనివర్సిటీ. బిల్ క్లింటన్ చదివింది అక్కడే.

ఇదేదో అమెరికా గొడవ, మనకెందుకు అనుకోకండి. ఒక సంస్థ కష్టాల్లో పడినప్పుడు ప్లాన్ ఎలా వేస్తుంది, ఆ ప్లాన్‌లో ఎవరు మనుషుల కింద లెక్కకొస్తారు, ఎవరు ఆస్తి కింద లెక్కకొస్తారు అన్నదే ఈ కథ. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసిన రోజుల్లో నేను రోజుకి ఇరవై సార్లు విన్న మాట "రిసోర్స్". ఇద్దరు రిసోర్సులు కావాలి, ఒక రిసోర్స్‌ని రిలీజ్ చేద్దాం అంటుంటారు. ఆ మాట వెనక మనిషి ఉంటాడని గుర్తుపెట్టుకుని వింటే ఈ ఎపిసోడ్ బాగా అర్థమవుతుంది.

ముందు ఈ జెస్యూట్లు ఎవరు?

సొసైటీ ఆఫ్ జీసస్. మన దగ్గర యేసు సభ అంటారు. ఇగ్నేషియస్ లొయోలా అనే స్పెయిన్ దేశస్థుడు, అంతకుముందు సైనికుడు, తన స్నేహితులతో కలిసి మొదలుపెట్టాడు. 1540లో పోప్ అనుమతి ఇచ్చాడు. లొయోలా అన్న పేరు మనకి కొత్తేం కాదు కదా. విజయవాడ ఆంధ్ర లొయోలా కాలేజీ, సికింద్రాబాద్ అల్వాల్‌లో లొయోలా అకాడమీ, చెన్నై లొయోలా, ఇవన్నీ ఈ సభవాళ్లు పెట్టినవే. అమెరికాకి ఎం.ఎస్. చేయడానికి వెళ్లేవాళ్లకి సెయింట్ లూయిస్ యూనివర్సిటీ పేరు కూడా తెలిసే ఉంటుంది. అదీ వీళ్లదే.

1548లో ఇటలీ దగ్గర సిసిలీలోని మెస్సీనా అనే ఊళ్లో స్కూల్ పెట్టారు. అది బాగా నడిచింది. దాంతో ఊరూరా మాకూ ఒక కాలేజీ కావాలి అని అడగడం మొదలైంది. వందల కాలేజీలు వచ్చాయి. ఇన్ని దేశాల్లో, ఇన్ని భాషల మధ్య, క్వాలిటీ ఒకేలా ఉండాలంటే ఎలా? దానికి వాళ్లు రాసుకున్న పుస్తకమే "రేషియో స్టుడియోరమ్". 1586లో ఒక డ్రాఫ్ట్, 1591లో ఇంకోటి, ఎక్కడికక్కడ టీచర్ల నుంచి ఫీడ్‌బ్యాక్ తీసుకుని 1599లో ఫైనల్ వెర్షన్. రెక్టర్ పని ఏంటి, చదువుల ప్రిఫెక్ట్ పని ఏంటి, ఏ క్లాసులో ఏం చెప్పాలి, పరీక్ష ఎలా పెట్టాలి, ఎవరి డ్యూటీ వాళ్లకి నంబర్లు వేసి మరీ రాశారు. డ్రాఫ్ట్, టెస్టింగ్, ఫీడ్‌బ్యాక్, రిలీజ్. నాలుగు వందల ఏళ్ల కిందట!

ఇంకో అలవాటు కూడా ఉంది వాళ్లకి. ఎక్కడున్నా సరే, జరిగింది జరిగినట్టు రోమ్‌కి ఉత్తరాలు రాయాలి. ఈ ఉత్తరాల అలవాటుని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఒక చిక్కు మాత్రం మొదటి నుంచీ ఉంది. చదువుకి డబ్బు తీసుకోకూడదన్నది వాళ్ల నియమం. ఫీజు లేదు, మరి కాలేజీ ఎలా నడవాలి? యూరప్‌లో రాజులు, ధనవంతులు భూములో డబ్బో ఇచ్చేవాళ్లు. దాని మీద వచ్చే ఆదాయంతో కాలేజీ నడిచేది. అమెరికాలో ఆ రాజులు లేరు. అక్కడ ఆ ఆదాయం ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

మేరీల్యాండ్ తోటలు

1634లో ఇంగ్లండ్ నుంచి మొదటి వలసదారులతో పాటు జెస్యూట్లు కూడా మేరీల్యాండ్‌లో దిగారు. భూములు సంపాదించారు. పొగాకు వేశారు. మొదట్లో కొన్నేళ్ల ఒప్పందం మీద పనిచేసే తెల్ల కూలీలు ఉండేవాళ్లు. 1700 దాటాక ఆ పని బానిసలుగా ఉన్న ఆఫ్రికన్ల మీద పడింది. వైట్ మార్ష్, సెయింట్ ఇనిగోస్, న్యూటౌన్, సెయింట్ థామస్ మానర్, ఇలాంటి తోటలు. 1820ల నాటికి ఒక్క మేరీల్యాండ్‌లోనే వీళ్లకి 12,000 ఎకరాలకు పైనే ఉండేది.

మధ్యలో పెద్ద దెబ్బ తగిలింది. 1773లో పోప్ పద్నాలుగో క్లెమెంట్ యేసు సభనే రద్దు చేసేశాడు. ప్రపంచమంతా. మళ్లీ 1814లో పోప్ ఏడో పయస్ పునరుద్ధరించే దాకా చాలా దేశాల్లో అధికారికంగా జెస్యూట్ అన్నవాడే లేడు. ఆ మధ్యకాలంలోనే జాన్ కారోల్ అనే మాజీ జెస్యూట్, అమెరికాకి మొదటి కాథలిక్ బిషప్ అయినాయన, 1789లో జార్జ్‌టౌన్ కాలేజీ మొదలుపెట్టాడు. తోటలు మాత్రం ఎక్కడికీ పోలేదు. మాజీ జెస్యూట్లు ఒక కార్పొరేషన్‌గా ఏర్పడి వాటిని కాపాడుకున్నారు. అంటే సభ రద్దయినా ఆస్తి నిలిచింది. ఆ ఆస్తిలో మనుషులు కూడా భాగమే.

ఇక ఆపరేషన్స్ విషయానికొద్దాం. ఈ తోటలు బాగా నడిచాయా? లేదు. పొగాకు వేసి వేసి నేల సారం పోయింది. మేనేజర్లు ఎవరు? ఫాదర్లు, బ్రదర్లు. లాటిన్ వచ్చు, థియాలజీ వచ్చు, వ్యవసాయం రాదు. సెయింట్ ఇనిగోస్ తోట చూసుకున్న బ్రదర్ జోసెఫ్ మాబర్లీ, బానిసలతో వ్యవసాయం చేయిస్తే నష్టమే తప్ప లాభం లేదని, కూలికి మనుషుల్ని పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుందని రాశాడు. ఆయనేదో జాలితో రాశాడనుకునేరు. బానిసత్వం తప్పేం కాదని వాదించినవాడు కూడా ఆయనే. ఆయన బాధంతా లెక్క కుదరట్లేదనే.

1820లో ఒక ఆడిట్ జరిగింది. ఐర్లండ్ నుంచి పీటర్ కెన్నీ అనే జెస్యూట్‌ని "విజిటర్"గా పంపారు. విజిటర్ అంటే చుట్టపుచూపుగా వచ్చినవాడు కాదండి, పై నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్. ఆయన తోటలన్నీ తిరిగి రిపోర్ట్ రాశాడు. తిండి సరిపోను పెట్టట్లేదు అన్నాడు. గర్భిణీ స్త్రీలని కొరడాతో కొట్టడం ఆపాలి అన్నాడు. ఒక్కసారి ఆలోచించండి. ఆపాలి అని రాశాడంటే అప్పటిదాకా జరుగుతున్నట్టే కదా. ఈ మనుషుల్ని ఉంచుకోవడమే వద్దు, ఏదో ఒక దారిలో వదిలించుకోండి అని కూడా సలహా ఇచ్చాడు.

వదిలించుకోవడం అంటే రెండు దారులున్నాయి. స్వేచ్ఛ ఇవ్వడం ఒకటి, అమ్మేయడం రెండోది. 1814 ప్రాంతంలో ఆ కార్పొరేషన్ ట్రస్టీలు మొదటి దారికి దగ్గరగా ఒక తీర్మానం చేసుకున్నారు. కొన్నేళ్ల గడువు పెట్టి, ఆ గడువు తీరాక స్వేచ్ఛ ఇచ్చే పద్ధతి. 1820లో ఆ తీర్మానాన్ని పక్కన పెట్టేశారు. ఈ రెండు తేదీలూ చాలా ముఖ్యం. "ఆ కాలం అలాంటిది బాస్, అప్పట్లో ఎవరికీ తప్పనిపించలేదు" అని ఎవరైనా అంటే ఇవే సమాధానం. అనిపించింది. మీటింగ్‌లో పెట్టారు, రాసుకున్నారు, తర్వాత కొట్టేశారు.

ఫాదర్ మల్లెడీ ప్రాజెక్ట్

1829లో జార్జ్‌టౌన్‌కి కొత్త ప్రెసిడెంట్ వచ్చాడు. థామస్ మల్లెడీ. వర్జీనియాలో పుట్టి రోమ్‌లో చదువుకున్నవాడు. మంచి ఎనర్జీ ఉన్న మనిషి. ఈ చిన్న కాలేజీని పెద్ద స్థాయికి తీసుకెళ్లాలని కలలు కన్నాడు. కొత్త బిల్డింగులు మొదలుపెట్టాడు. డబ్బు? అప్పు. అప్పు చేసి పప్పు కూడు అంటారు కదా, ఇక్కడ పప్పు కూడు కాదు, ఇటుకా సున్నం.

ఆయన వాదన అర్థం కానిదేం కాదు. అతనూ, అతని స్నేహితుడు విలియం మెక్‌షెర్రీ ఇద్దరూ అమెరికాలో పుట్టినవాళ్లు. వాళ్ల లెక్క ఏంటంటే, మన భవిష్యత్తు పల్లెటూరి తోటల్లో లేదు, పట్నాల్లోని కాలేజీల్లో ఉంది. కొత్తగా వస్తున్న కాథలిక్ వలసదారులంతా పట్నాల్లోనే దిగుతున్నారు. కాబట్టి తోటల నుంచి బయటపడి చదువు మీద పెట్టాలి. స్ట్రాటజీ అని చూస్తే తప్పు పట్టలేం. 1833లో అమెరికాలోని డే స్కూళ్లలో ఫీజు తీసుకోవడానికి పోప్ నుంచి మినహాయింపు కూడా వచ్చింది. అంటే తోటలే దిక్కు అన్న పరిస్థితి మెల్లగా మారుతోంది.

కానీ 1837లో అమెరికాలో బ్యాంకులు కుప్పకూలాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు. అప్పటికి మల్లెడీ మేరీల్యాండ్ జెస్యూట్లందరికీ పెద్ద, ప్రొవిన్షియల్ అయ్యాడు. అప్పులు చేసిన మనిషి చేతికే ఇప్పుడు ఆస్తులు అమ్మే అధికారం వచ్చింది. ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకి ఇక్కడ అలారం మోగాలి. ఖర్చు పెట్టేదీ, అమ్మకానికి సంతకం పెట్టేదీ ఒకే చెయ్యి కాకూడదు.

రోమ్ పెట్టిన మూడు షరతులు

అమ్మకానికి రోమ్ అనుమతి కావాలి. అక్కడ సుపీరియర్ జనరల్ యాన్ రూటాన్. డచ్ మనిషి. 1832లో ఆ రేషియో స్టుడియోరమ్‌కి కొత్త ఎడిషన్ తెచ్చింది ఈయనే. అంటే రూల్స్ రాయడం బాగా తెలిసిన మనిషి. అమెరికాలో ఉన్న జెస్యూట్లలో చాలామంది, ముఖ్యంగా యూరప్ నుంచి వచ్చినవాళ్లు, ఈ అమ్మకం వద్దని ఆయనకి ఉత్తరాలు రాశారు. అటు మల్లెడీ, మెక్‌షెర్రీ అమ్మాల్సిందే అని రాశారు. ఆయన చాలా కాలం నాన్చి 1836 చివర్లో ఒప్పుకున్నాడు. షరతులతో.

ఒకటి, అమ్ముడుపోయినవాళ్లు తమ మతం పాటించుకునే వీలుండాలి. చర్చి, ఫాదర్ అందుబాటులో ఉండాలి. రెండు, కుటుంబాలని విడదీయకూడదు. మూడు, వచ్చిన డబ్బుని అప్పులు తీర్చడానికో, రోజువారీ ఖర్చులకో వాడకూడదు. మూలధనంగా పెట్టుబడి పెట్టి కొత్త జెస్యూట్ల చదువుకి వాడాలి.

మనుషుల్ని అమ్మమని చెబుతూ షరతులు పెట్టడం ఏంటి అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. స్వేచ్ఛ ఇవ్వమని ఒక్క లైన్ రాసే అధికారం ఆయన చేతిలో ఉంది. రాయలేదు. అది అలా ఉంచి, కనీసం ఆ షరతులనైనా ఎవరు చెక్ చేయాలి? ఎవరూ లేరు. షరతులు రోమ్‌లో, సంతకం మేరీల్యాండ్‌లో, మధ్యలో ఓడ మీద వారాల తరబడి ఉత్తరం. టెస్ట్ కేసులు రాశారు, రన్ చేసేవాడు లేడు. డైరెక్ట్‌గా రిలీజే.

జూన్ 19, ఆ తర్వాత

కొన్నవాళ్లు ఇద్దరు, లూసియానా తోటల యజమానులు. హెన్రీ జాన్సన్, ఈయన లూసియానాకి గవర్నర్‌గా చేసినవాడు. రెండో ఆయన జెస్సీ బేటీ. 272 పేర్లతో లిస్టు తయారైంది. మొదటి పేరు ఐజాక్ హాకిన్స్, 65 ఏళ్లు. అందులో ముసలివాళ్లున్నారు, చంటిపిల్లలున్నారు. సగటున తలకి 423 డాలర్లు. ఈ భాగాహారం చేయడానికి ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీస్తే నా వేలు ఒక్క సెకను ఆగింది. అప్పట్లో ఇది చేసినవాళ్ల వేలు ఆగలేదు.

మొదటి చెల్లింపు 25,000 డాలర్లు. అందులో 17,000 దాకా జార్జ్‌టౌన్ బిల్డింగుల అప్పుకి పోయింది. 8,000 బాల్టిమోర్ ఆర్చ్‌బిషప్‌తో ఉన్న పాత లావాదేవీ తీర్చడానికి పోయింది. మూడో షరతు అక్కడికక్కడే గాల్లో కలిసింది.

రెండో షరతు? తోటల్లో ఉన్నవాళ్లలో చాలామందికి భార్యో భర్తో పక్క యజమాని దగ్గర ఉండేవాళ్లు. లిస్టులో పేరున్నవాళ్లు వెళ్లాలి, లేనివాళ్లు ఉండిపోవాలి. అంతే, కుటుంబం రెండు ముక్కలు. ముందే వాసన పట్టి అడవుల్లోకి పారిపోయినవాళ్లున్నారు. మిగిలినవాళ్లని ఓడలు ఎక్కించారు. అందులో ఒకటి "కేథరీన్ జాక్సన్". 1838 డిసెంబర్‌లో న్యూ ఓర్లీన్స్ చేరింది. ఆ ఓడ ప్రయాణికుల జాబితాలో కార్నీలియస్ హాకిన్స్ అని ఒక పిల్లాడున్నాడు. 13 ఏళ్లు. మనలో ఎనిమిదో క్లాసు పిల్లాడు.

మొదటి షరతు? వాళ్లు చేరిన చెరకు, పత్తి తోటల దగ్గర చాలాకాలం చర్చికీ దిక్కులేదు, ఫాదర్‌కీ దిక్కులేదు. మూడుకి మూడూ ఫెయిల్.

న్యూటౌన్ తోటలో ఉన్న ఫాదర్ పీటర్ హేవర్‌మన్స్ అక్కడ కళ్లారా చూసింది రోమ్‌కి రాశాడు. జనం ఏడుపులు, వాళ్ల భయం, అన్నీ. ఉత్తరాలు రాసే అలవాటు అన్నాను కదా, అది ఇక్కడ పనికొచ్చింది. రూటాన్‌కి కోపం వచ్చింది. మల్లెడీ పదవి పోయింది. రోమ్ వెళ్లి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది, అక్కణ్ణుంచి నీస్‌కి పంపేశారు.

ఇంతకీ శిక్ష ఎన్నాళ్లు? 1843కల్లా తిరిగొచ్చాడు. మసాచుసెట్స్‌లో కొత్తగా పెట్టిన హోలీ క్రాస్ కాలేజీకి మొట్టమొదటి ప్రెసిడెంట్ అయ్యాడు. 1845లో మళ్లీ జార్జ్‌టౌన్ ప్రెసిడెంట్. తర్వాత క్యాంపస్‌లో ఒక బిల్డింగుకి ఆయన పేరే పెట్టారు. పని చేయించుకున్న సంస్థ చేయించుకుంది, మనిషి కెరీర్ మనిషిది. నష్టపోయింది లిస్టులో ఉన్నవాళ్లు మాత్రమే.

అదే కుర్చీలో ప్యాట్రిక్ హీలీ

ఇక్కడ కథలో ఎవరూ ఊహించని మలుపు ఉంది.

మల్లెడీ నడిపిన హోలీ క్రాస్‌లో హీలీ అనే ఇంటిపేరున్న అన్నదమ్ములు చేరారు. తండ్రి మైఖేల్ హీలీ, జార్జియాలో తోట యజమాని, ఐరిష్ మనిషి. తల్లి మేరీ ఎలైజా, అతని బానిస. జార్జియా చట్టం ప్రకారం తల్లి బానిస అయితే పిల్లలూ బానిసలే. అందుకే తండ్రి వాళ్లని ఉత్తరాదికి చదువుకి పంపేశాడు. వాళ్లలో ఒకడు ప్యాట్రిక్ ఫ్రాన్సిస్ హీలీ. 1834లో పుట్టాడు. చట్టం దృష్టిలో, ఆ లిస్టులో ఉన్నవాళ్లలాగే, ఒక ఆస్తి.

1850లో హోలీ క్రాస్‌లో డిగ్రీ పూర్తి చేశాడు, యేసు సభలో చేరాడు, బెల్జియంలోని లూవెన్‌లో 1865లో డాక్టరేట్ తీసుకున్నాడు. 1874లో జార్జ్‌టౌన్ ప్రెసిడెంట్ అయ్యాడు. మనుషుల్ని అమ్మి నిలబడిన కాలేజీని, బానిస తల్లికి పుట్టిన మనిషి నడిపాడు!

అప్పటికి కాలేజీ పరిస్థితి బాలేదు. సివిల్ వార్‌కి ముందు 1859లో 313 మంది ఉన్న విద్యార్థులు 1861కి 17 మందికి పడిపోయారు. యుద్ధం అయ్యాక మెల్లగా కోలుకుంటోంది. హీలీ చేసిన మార్పులు చూడండి. సిలబస్‌లో సైన్స్, చరిత్ర పెంచాడు. లా, మెడికల్ స్కూళ్లు పేరుకే కాలేజీవి, ఎవరి దారి వాళ్లది. వాటిని దగ్గరికి తెచ్చాడు. పూర్వ విద్యార్థుల్ని ఒక సంఘంగా కలిపాడు, డబ్బు కోసం దేశమంతా తిరిగాడు. 1877లో పెద్ద బిల్డింగు మొదలుపెట్టాడు. ఈ రోజు జార్జ్‌టౌన్ అని ఫోన్‌లో వెతికితే మొదట కనిపించే ఆ గోపురాల బిల్డింగు, హీలీ హాల్, అదే. ఆయన్ని జార్జ్‌టౌన్ రెండో వ్యవస్థాపకుడు అంటారు.

ఆయనకీ అప్పు అయింది. బాగానే అయింది. బిల్డింగు పూర్తి కాకముందే ఆరోగ్యం పాడైపోయి 1882లో దిగిపోయాడు. ఆ అప్పు తీర్చడానికి తర్వాతివాళ్లు ఏళ్ల తరబడి కష్టపడ్డారు. కానీ మనుషుల్ని అమ్మలేదు, అప్పటికి చట్టంలో ఆ వీలే లేదు. అదే కాలేజీ, అదే బిల్డింగుల పిచ్చి, అదే అప్పు. ఒక దారి మూసేస్తే సంస్థలు ఇంకో దారి వెతుక్కుంటాయని దీన్నిబట్టి తెలుస్తోంది. "వేరే దారి లేదు" అని 1838లో అన్నారంటే దాని అర్థం, సులువైన దారి ఇంకా తెరిచే ఉంది అని.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. హీలీ బయట తెల్లవాడిగానే చలామణీ అయ్యాడు. అతని పుట్టుక గురించి సభలోని పెద్దలకి తెలుసు, బయటివాళ్లకి తెలియదు. ఆయన ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడు కూడా జార్జ్‌టౌన్ నల్లజాతి విద్యార్థుల్ని చేర్చుకోలేదు. ఇరవయ్యో శతాబ్దం సగం అయ్యేదాకా అదే కథ.

పద్దు పుస్తకమే సాక్షి

ఇక 2015కి వద్దాం. మల్లెడీ పేరున్న పాత బిల్డింగుని బాగుచేసి స్టూడెంట్స్ హాస్టల్‌గా తెరిచారు. స్టూడెంట్స్ అడిగారు, ఈ మల్లెడీ ఎవరు అని. ఇదేం రహస్యం కాదు, చరిత్రకారులు ఎప్పుడో రాశారు. కానీ పుస్తకాల్లో ఉండటం వేరు, నువ్వు పడుకునే హాస్టల్ గోడ మీద ఉండటం వేరు. 2015 నవంబర్‌లో ప్రెసిడెంట్ ఆఫీసు బయట బైఠాయించారు. మల్లెడీ, మెక్‌షెర్రీ పేర్లు తీసేశారు.

అప్పట్లో యూనివర్సిటీని నడిపిన జాన్ డిజోయా అప్పటికే ఒక వర్కింగ్ గ్రూప్ వేశారు. అదే సమయంలో రిచర్డ్ చెల్లిని అనే పూర్వ విద్యార్థి, టెక్ కంపెనీ నడిపే వ్యక్తి, ఒక ప్రశ్న అడిగాడు. ఆ 272 మంది ఏమయ్యారు? లూసియానా చిత్తడి నేలల్లో జ్వరాలొచ్చి అందరూ పోయారట, వారసులెవరూ లేరట అని ఆయనకి జవాబొచ్చింది. ఆయనకి నమ్మబుద్ధి కాలేదు. 272 మంది ఒక్కరూ మిగలకుండా ఎలా పోతారు? సొంత డబ్బుతో, వంశవృక్షాలు వెతికే నిపుణులతో పని మొదలుపెట్టాడు. వారసులు దొరికారు. ఒకరిద్దరు కాదు, వేలమంది. లూసియానాలో మారింగ్విన్ అనే చిన్న ఊళ్లో అయితే ఎటు చూసినా వాళ్లే. కేథరీన్ జాక్సన్ ఓడలో వెళ్లిన ఆ 13 ఏళ్ల కార్నీలియస్ సమాధి కూడా అక్కడే దొరికింది.

ఎలా దొరికారు? ఇక్కడే నాకు ఒళ్లు జలదరించింది. జెస్యూట్లు రాసి పెట్టుకున్న కాగితాల వల్లే! బాప్తిస్మం రిజిస్టర్లు, పెళ్లిళ్ల రిజిస్టర్లు, అమ్మకం లిస్టు, ఓడ జాబితా, రోమ్‌కి రాసిన ఉత్తరాలు. అమెరికాలో బానిసలుగా బతికిన చాలామందికి కాగితాల్లో ఇంటిపేరే ఉండదు. వీళ్లకి ఉంది. మనుషుల్ని వరుసల్లో, నంబర్లలో పెట్టిన ఆ పద్దు పుస్తకమే 180 ఏళ్ల తర్వాత వాళ్లని మళ్లీ మనుషులుగా నిలబెట్టింది. డేటా ఎవరి పక్షమూ కాదు. ఎవరు, ఏ ప్రశ్నతో తెరుస్తారన్నదే తేడా. ఆ కాగితాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, మీ ఫోన్‌లోనే చూడొచ్చు.

2017 ఏప్రిల్‌లో యూనివర్సిటీ, యేసు సభ కలిసి వారసుల ముందు క్షమాపణ చెప్పాయి. మల్లెడీ హాల్ ఐజాక్ హాకిన్స్ హాల్ అయింది. లిస్టులో మొదటి పేరు, ఇప్పుడు గోడ మీద పేరు. అడ్మిషన్లలో పూర్వ విద్యార్థుల పిల్లలకి ఇచ్చే ప్రాధాన్యమే ఈ వారసులకీ ఇస్తామన్నారు. ఆ ఏడాది 63 ఏళ్ల ఒక వారసురాలు ఫస్ట్ ఇయర్‌లో చేరారు.

2019లో స్టూడెంట్స్ ఓటింగ్ పెట్టుకున్నారు. ప్రతి సెమిస్టర్‌కీ మనలో ఒక్కొక్కరం 27 డాలర్ల 20 సెంట్లు కట్టి వారసుల కోసం ఒక ఫండ్ పెడదామా అని. 272 అన్న అంకె మీదే ఆ మొత్తం. మూడింట రెండు వంతుల మంది సరే అన్నారు. ఆ ఓటుకి యూనివర్సిటీ కట్టుబడాల్సిన రూల్ లేదు. ఫీజు బదులు విరాళాలతో ఏడాదికి దాదాపు 4 లక్షల డాలర్లు సేకరిస్తామంది. ఇది స్టూడెంట్స్ అడిగింది కాదని చాలామంది అసంతృప్తిపడ్డారు. 2021లో అమెరికా జెస్యూట్లు, వారసులతో కలిసి పెట్టిన ఫౌండేషన్‌కి 10 కోట్ల డాలర్లు సమకూరుస్తామని ప్రకటించారు. ఇది చాలా, చాలదా అన్న వాదన వారసుల మధ్యే ఉంది. ఆ తీర్పు నేనిచ్చేది కాదు.

మరి మనకేంటి?

ఈ కథలో ఆపరేషన్స్ తెలియనివాళ్లు ఎవరూ లేరు. రూల్ బుక్ ఉంది, ఆడిట్ ఉంది, పై నుంచి షరతులున్నాయి, రిపోర్టింగ్ ఉంది. ఏ మేనేజ్‌మెంట్ క్లాసులో పెట్టినా మార్కులొస్తాయి. లేనిది ఒక్కటే. ఆ 272 మందిలో ఒక్కరికి కూడా ఆ గదిలో చోటు లేదు. అడిగేవాళ్లు లేరు, వద్దనే హక్కు లేదు. ఆడిట్ రాసినా, షరతు పెట్టినా, ఉత్తరంలో ఏడ్చినా, అన్నీ వాళ్ల గురించి వేరేవాళ్లు మాట్లాడుకున్నవే.

రేపు మీలో చాలామంది ఏదో ఒక సంస్థలో ప్లాన్లు వేస్తారు. కాలేజీలో డిపార్ట్‌మెంట్ మూసేయాలనో, హాస్టల్ మార్చాలనో, కంపెనీలో టీమ్ తగ్గించాలనో ఎక్సెల్ షీట్ తెరుస్తారు. ఆ రోజు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ ప్లాన్ భారం ఎవరి మీద పడుతోందో వాళ్లు ఈ గదిలో ఉన్నారా? మనం రాసుకున్న షరతుల్ని సంతకం పెట్టేముందు చెక్ చేసేవాళ్లు, ఆపగలిగేవాళ్లు ఉన్నారా? వేరే దారి లేదు అంటున్నామంటే, నిజంగా వెతికామా, లేక ఇదే సులువు కాబట్టి అంటున్నామా?

ఇవి పెద్ద ఫిలాసఫీ ప్రశ్నలేం కాదు, చెక్‌లిస్టులో మూడు లైన్లు. 1838లో ఆ మూడు లైన్లు ఉండి ఉంటే, బహుశా జార్జ్‌టౌన్‌లో ఒకట్రెండు బిల్డింగులు తక్కువ ఉండేవి. కార్నీలియస్ హాకిన్స్ మేరీల్యాండ్‌లోనే పెరిగేవాడు.

ఈ ఎపిసోడ్ నచ్చితే, కాలేజీలోనో ఆఫీసులోనో ఏదో ఒక ప్లాన్ వేస్తున్న ఫ్రెండ్‌కి పంపండి. మళ్లీ కలుద్దాం. ఉంటాను.